ఒకటో తారీఖు, రెండు జమలు

ఈ నెల బ్యాంకులో రెండూ పడ్డాయి: అమెరికా ఆర్మీ రిటైర్మెంట్ పే, అక్కడి మాజీ సైనికుల శాఖ (వీఏ) వైకల్యానికి ఇచ్చే డిజబిలిటీ డబ్బు. గుంటూరు నుంచి నాన్న ఫోన్ చేసి "ఒక్క ఉద్యోగానికి రెండు పెన్షన్లేంట్రా?" అన్నారు.

కాదు నాన్నా. మొదటిది ఇరవయ్యేళ్ళ సర్వీసుకి. రెండోది ఆ సర్వీసులో అరిగిపోయిన మోకాళ్ళకి, నడుముకి, పడుకుంటే చాలు గుయ్యిమని మోగే చెవులకి. వైకల్యం ఎంత శాతమో వీఏ రాసిచ్చే రేటింగ్ లెటర్లో ఆ మోతకి ఒక లైను ఉంటుంది, 10 శాతం అని. అంతకుమించి ఇవ్వరు.

2004కి ముందు వీఏ ఎంత ఇస్తే రిటైర్మెంట్ పేలో అంత కోసేసేవాళ్ళు. సీఆర్‌డీపీ అని రెండూ పూర్తిగా తీసుకోనిచ్చే పద్ధతి వచ్చాక, ఇరవయ్యేళ్ళు చేసి 50 శాతం, ఆపైన రేటింగ్ ఉన్నవాళ్ళకి ఆ కోత దశలవారీగా 2014కల్లా పోయింది. వీఏ డబ్బుకి ట్యాక్స్ లేదు, రిటైర్మెంట్ పేకి ఉంది.

నా మనసంతా మా యూనిట్ వాడి మీదే ఉంది. ఆఫ్ఘనిస్తాన్ పేలుడులో కాలు పోయింది, ఇరవయ్యేళ్ళు నిండకుండానే మెడికల్ రిటైర్మెంట్ ఇచ్చి పంపేశారు. నాకు లేని కోత వాడికి ఉంది! సీఆర్‌ఎస్‌సీ అని యుద్ధ సంబంధ గాయాలకిచ్చే డబ్బుకి అప్లై చేస్తే కొంత వెనక్కొస్తుంది, అదీ సర్వీసు ఏళ్ళ లెక్కన వచ్చే పెన్షన్ దాటదు. ఇది అన్యాయం, ఇంకో మాట లేదు. దీన్ని సరిచేసే మేజర్ రిచర్డ్ స్టార్ బిల్లు ఏళ్ళుగా అమెరికా కాంగ్రెస్‌లో నలుగుతోంది. ఆ బిల్లుకి ఎవరి పేరు పెట్టారో ఆ మేజర్ 2021లోనే పోయారు.

ఇక్కడ ఓటున్న మనవాళ్ళందరూ మీ కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసుకి ఫోన్ చేసి ఆ బిల్లు పేరు చెప్పండి, దయచేసి.