రేంజర్‌కి వెనక యాక్సిల్ మార్చిన రోజు

పొద్దున ఏడింటికే బావమరిది దిగాడు, "బావా, ఎండ ముదరకముందే ముగించేద్దాం" అంటూ. ముగియలేదు. రాత్రి తొమ్మిదిన్నరకి కూర్చుని ఇది రాస్తున్నాను. రెండుసార్లు సబ్బుతో రుద్దినా గోళ్ళ సందుల్లోంచి గేర్ ఆయిల్ పోలేదు, అన్నం కలుపుకుంటుంటే కూడా ఆ గంధకం వాసనే.

బండి 1994 ఫోర్డ్ రేంజర్ పికప్, 3.0 లీటర్ వీ6. ఇక్కడ డాలస్ చుట్టుపక్కల నేల మన పల్నాడు నల్లరేగడి లాంటిదే, వాన పడితే కాలు దిగబడుతుంది. మేం గోంగూర, బెండ వేసుకునే మడికి ఎరువు తోలినప్పుడల్లా ఒక వెనక చక్రం ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది, రెండోది కదలదు. మామూలు డిఫరెన్షియల్ (ఇంజిన్ బలాన్ని రెండు చక్రాలకి పంచే గేర్ల అమరిక) తీరే అంత, పట్టు దొరకని చక్రమే తిరుగుతుంది. అందుకే 1995-2001 మధ్య వచ్చిన ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ వెనక యాక్సిల్ కోసం వెతికాను. మా దాంట్లో క్రౌన్ వీల్ (యాక్సిల్ లోపలి పెద్ద పళ్ళచక్రం) 7.5 అంగుళాలు, అందులో 8.8. షాఫ్టులకి 31 స్ప్లైన్లు (కొసన ఉండే గాడుల పళ్ళు), డ్రమ్ముల బదులు డిస్క్ బ్రేకులు. డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ మీద డీ4 అని ఉన్న బండి పాత బళ్ళ యార్డులో దొరికేసరికి మూడు శనివారాలు పట్టింది. డీ4 అంటే 3.73 గేర్ రేషియో, లిమిటెడ్ స్లిప్, అంటే ఒక చక్రం జారినా రెండోదానికీ బలం అందించే డిఫరెన్షియల్.

పాతది విప్పడం గంటన్నర పని. యాక్సిల్‌ని కమాన్ కట్టలకి బిగించే తుప్పు పట్టిన యూ బోల్టులు గ్రైండర్‌తో కోసేశాం, కొత్త యాక్సిల్ గొట్టం లావు కాబట్టి అవి ఎలాగూ పనికిరావు.

అసలు పనంతా పీటల దగ్గరే, అంటే యాక్సిల్ మీద కమాన్ కట్టలు ఆనే ఇనుప దిమ్మల దగ్గర. ఎక్స్‌ప్లోరర్‌లో కమాన్ కట్టలు యాక్సిల్ కింద ఉంటాయి, రేంజర్‌లో పైన, అంటే కింది పీటలు కోసేసి పైన కొత్తవి వెల్డింగ్ చేయాలి, ఆ పీట ఏ వాలులో అతికితే పినియన్ (గేర్‌బాక్స్ నుంచి వచ్చే షాఫ్ట్ తగిలే చిన్న గేర్) మూతి ఇక ఆ వాలులోనే ఉండిపోతుంది. గేర్‌బాక్స్ వెనక కొసకి అది సమాంతరంగా లేకపోతే ప్రొపెల్లర్ షాఫ్ట్ అదిరి అదిరి జాయింట్లని తినేస్తుంది. బండి గాల్లో ఉండగా కొలిస్తే లాభం లేదు, బరువు పడితే కట్టలు అణిగి అంతా మారిపోతుంది. మావాడు వెల్డింగ్‌లో చేయి తిరిగినవాడే కానీ కాస్త తొందర, "చూస్తే సరిగ్గానే ఉంది కదా బావా" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. పీటలు ఊరికే పెట్టి, యూ బోల్టులు వదులుగా ఉంచి, చక్రాలు వేసి బండి కిందికి దించాం. కొలిస్తే రెండు డిగ్రీలు తేడా! పినియన్ కింద చిన్న జాకీ పెట్టి వెంట్రుకవాసి చొప్పున కదిపి, లెక్క కుదిరాక వెల్డింగ్‌తో నాలుగు చుక్కలు అంటించి మళ్ళీ బయటికి లాగాం.

ఆ తర్వాత వెల్డింగ్ అంగుళం ఇటు, అంగుళం అటు, మధ్యలో చల్లారేదాకా ఆగడం. ఒకేసారి లాగిస్తే గొట్టం వంగుతుంది. అతుకు పక్కన ఇనుము నీలంగా, దాని పక్కన ఎండుగడ్డి రంగులోకి తిరగడం చూస్తూ ఇద్దరం మాట్లాడుకోకుండా కూర్చున్నాం. వాడి చేతి పనితనం ఎంత బాగుందో! నాణేలు ఒకదాని మీద ఒకటి ఒరిగినట్టు వరసగా ఉంది.

యాక్సిల్ ఎక్కింది, ఆయిల్ పోశాం, లిమిటెడ్ స్లిప్‌కి వేసే చిన్న సీసా కూడా కలిపాం. హ్యాండ్ బ్రేక్ కేబుళ్ళు తగిలించాలి, బ్రేకుల్లో గాలి తీయాలి. అది రేపు సాయంత్రం. బావమరిది ఇక్కడే హాల్లో పడుకున్నాడు.