అబ్బోడు, నల్లోడు

మా బావ పోయినప్పటి నుంచి అక్క కొడుకు మాట్లాడడమే తగ్గించేశాడు. బడికి పోవడం, రావడం, మూలన కూర్చోవడం. తిరుపతి కొర్లగుంటలో మా వీధి కుక్కపిల్ల ఒకటి వాడి వెంటపడింది. నల్లోడని పేరు పెట్టుకున్నాడు.

ఓ సాయంత్రం వంటింట్లోంచి విన్నాను. సంగటి చల్లార్చి, చిన్న చిన్న ఉండలు చేసి నల్లోడికి పెడుతూ "మా నాయన ఉండుంటే నీక్కూడా బన్ను తెచ్చుండేవాడు రా" అంటున్నాడు. వాడి నోట నాయన మాట విని ఎన్నాళ్లయిందో! అక్క పొయ్యి దగ్గరే ఏడ్చేసింది.

అమెరికాలో బోరిస్ లెవిన్సన్ అనే మనస్తత్వవేత్త 1960ల్లోనే ఇది రాశాడు: పెద్దవాళ్ల ముందు పెదవి విప్పని పిల్లలు కుక్క పక్కనుంటే మనసు విప్పి మాట్లాడతారని. నాకైతే ఆశ్చర్యం లేదు. కుక్క ప్రశ్నలు వేయదు, జాలిగా చూడదు.

వీధి కుక్కను చేరదీస్తే మాత్రం ముందు రేబిస్ టీకా వేయించండి, ఏటా మరవకండి. మేం తిరుపతి పశువైద్య కళాశాల ఆసుపత్రిలో వేయించాం. గీరినా, కొరికినా సబ్బుతో 15 నిమిషాలు కడిగి వెంటనే డాక్టరు దగ్గరికి పోవాలని అబ్బోడికీ నేర్పాం.

"ఇంట్లో కుక్కేంది, వదిలేయండి" అనే చుట్టాలకు అక్క ఒకటే చెప్తోంది: నల్లోడు మాతోనే ఉంటాడు.