కెక్కో నేర్చుకున్న రోజు

ఇవాళ మధ్యాహ్నం ఇక్కడ జపాన్‌లో మా ఆఫీసులో జరిగింది ఇంకా మనసులో తిరుగుతూనే ఉంది. పక్క సీటావిడ, మా అమ్మ వయసుంటుంది, తన బెంతో డబ్బాలోంచి, అంటే లంచ్ బాక్స్‌లోంచి, తమాగోయాకి ముక్క ఒకటి తీసి నాకు పెట్టింది, అదే గుడ్డుని పల్చగా పోసి పొరలు పొరలుగా చుట్టి కొంచెం తియ్యగా చేస్తారే, అది. ఎంత నచ్చిందంటే వెంటనే "కెక్కో ఒయిషీ దెస్ నే" అనేశా. చాలా బాగుందండీ అన్నాననే అనుకున్నా. ఆవిడ నవ్వింది కానీ ఆ నవ్వు రావడానికి ఒక్క క్షణం పట్టింది.

సాయంత్రం జపనీస్ క్లాసులో టీచర్‌ని అడిగా. కెక్కో అంటే బాగానే అనే, కాకపోతే అందులో మనం ముందు వేసుకున్న అంచనా కూడా వినపడుతుందంట, ఇంత ఉంటుందనుకోలేదు, నయమే అన్నట్టు. అయ్యో, ప్రేమగా పెట్టినావిడతో "పర్లేదు, బానే ఉంది" అన్నానన్నమాట! ఇంట్లో పప్పు బానే ఉందంటే అమ్మ "ఏం, ఉప్పు తగ్గిందా" అంటుంది కదా, సరిగ్గా అదే. అక్కడ తోతెమో, అంటే చాలా, అనాల్సింది.

అలాగని అది చిన్న మాటేం కాదు. కంజీలో, అంటే చైనా నుంచి వచ్చిన అక్షరాల్లో, రాస్తే కట్టడానికి సంబంధించిన రెండక్షరాలు, మొదట్లో నిర్మాణం అనే అర్థం, తర్వాత దివ్యంగా ఉంది అనే దాకా వెళ్లింది. నిక్కో చూడకుండా కెక్కో అనకు అని సామెత కూడా ఉంది, నిక్కో అనే ఊళ్లో తొకుగావా ఇఎయాసు అనే పాతకాలపు పాలకుడి పేరున ఉన్న తోషోగూ గుడిని 1636లో మళ్లీ కట్టి చెక్కడాలతో, బంగారు రేకులతో నింపేశారు, ఆ అందం చూశాకే ఆ మాట వాడాలంట.

ఇంటికొస్తూ నిషికసాయ్ స్టేషన్ దగ్గర కొన్బినిలో, అదే అన్నీ దొరికే చిన్న షాపులో, పాలు తీసుకున్నా. సంచి కావాలా అనడిగాడు, 2020 జులై నుంచి దానికి డబ్బులు కదా, "కెక్కో దెస్" అన్నా. వద్దండీ, చాలు అని. అదే మాట! అప్పుడు తట్టింది, మనకీ అంతే కదా, చాలా, చాలు. విస్తట్లో చెయ్యి అడ్డం పెట్టి చాలు చాలు అంటాం, అదే నోటితో చాలా బాగుంది అంటాం, పుట్టినప్పట్నుంచీ అంటున్నా ఆ రెండూ ఒకే మాటలోంచి వచ్చాయని ఎప్పుడూ ఆలోచించలేదు. పాలు పట్టుకుని రోడ్డు మీద కాసేపు అలాగే నిలబడిపోయా.

రేపు ఆవిడకి చెప్పాల్సింది నోట్‌బుక్‌లో రాసుకున్నా. "కినో నో తమాగోయాకి, తోతెమో ఒయిషికత్తా దెస్." నిన్నటి తమాగోయాకి చాలా బాగుందండీ అని. పడుకునే ముందు ఇంకో రెండుసార్లు పైకి చదవాలి.