అరగంట విజిట్‌లో బొగ్గుల పొయ్యి

ఇంగ్లండ్‌కు హోమ్ కేర్ పనిమీద, అంటే ఇళ్లకెళ్లి పెద్దవాళ్లను చూసుకునే పనిమీద, వచ్చిన మనవాళ్లకు ట్రైనింగ్‌లో మనిషిని మంచంమీంచి ఎత్తే హాయిస్ట్ వాడకం, మందుల చార్టు, మంచాన ఉన్నవాళ్లను పక్కకు తిప్పడం అన్నీ నేర్పుతారు. గది వెచ్చబెట్టే బొగ్గుల పొయ్యి సంగతి మాత్రం నాకెవరూ చెప్పలేదు. ఈశాన్య ఇంగ్లండ్‌లోని కౌంటీ డరమ్‌లో పాత బొగ్గు గని ఊళ్ల రౌండ్ పడితే ఆ పని తప్పదు. అక్కడి ఈజింగ్టన్ గని 1993లోనే మూతపడింది. దేశంలో ఆఖరి లోతు గని కెల్లింగ్‌లీని 2015లో మూసేశారు. అయినా ఒకప్పటి గని కార్మికులకూ, చనిపోయినవాళ్ల భార్యలకూ ప్రభుత్వం తరఫున ఇంధనమో, దాని బదులు డబ్బో ఇప్పటికీ అందుతోంది. అందుకే కొన్ని ఇళ్లలో పొయ్యి ఇంకా వెలుగుతోంది.

నేను వెళ్లే ఒకింట్లో పెద్దావిడకు చేతులు వణుకుతాయి, వంగలేరు. పొద్దుటి విజిట్ మొదట్లో అరగంటే. లేపి, ఒళ్లు తుడిచి, బట్టలు మార్చి, మందులిచ్చి, ఏదైనా తినిపించి, ఆపైన పొయ్యి. ఇవన్నీ అరగంటలో ఇమడవు. ఇమిడ్చుదామని చూస్తే కోత పడేది పొయ్యి దగ్గరే. అది ప్రమాదం.

ముందు బూడిద తీయాలి. బొగ్గుకు గాలి కిందినుంచి అందాలి. కింది ట్రే నిండి, బొగ్గు నిలిచే ఇనుప కమ్మీలను బూడిద తాకిందంటే గాలి ఆడదు, వేడికి కమ్మీలు కూడా వంకరపోతాయి. తీసిన బూడిద పైకి చల్లారినట్టే ఉంటుంది కానీ అది నివురుగప్పిన నిప్పు, మర్నాటిదాకా ఆరకపోవచ్చు. మూత ఉన్న ఇనుప బకెట్లో పోసి, ఇంటికి దూరంగా సిమెంటు నేలమీద పెడతాను. ప్లాస్టిక్ చెత్త డబ్బాలో ఎప్పుడూ పోయకండి.

తర్వాత నిప్పు రాజేసే ముక్క ఒకటి (ఫైర్‌లైటర్), దానిమీద గాలి దూరేలా అడ్డదిడ్డంగా ఎండు పుల్లలు, ఆపైన నాలుగైదు బొగ్గుండలు. పొగలు కక్కే పాతరకం ఇంటి బొగ్గును సంచుల్లో అమ్మడం ఇంగ్లండ్‌లో 2021 మేలో ఆగింది, విడిగా అమ్మడం 2023 మేలో ఆగింది. ఇప్పుడు దొరికేవి ఎక్కువగా పొగరాని ఉండలు. ఇవి నిదానంగా అంటుకుంటాయి. ఎంత ఆలస్యమైనా పెట్రోలు, కిరోసిన్ చుక్క కూడా వేయొద్దు. త్వరగా రాజుకుంటుందని పొయ్యి కింది బూడిద తలుపు తెరిచి వేరే పనిలో పడొద్దు. గాలి హోరున లాగి పొయ్యి అదుపు తప్పుతుంది, ఇనుము పగులుతుంది. నేను పొయ్యి తలుపులు రెండూ మూసి, గాలిని పెంచి తగ్గించే కింది చక్రాన్ని పూర్తిగా తెరిచి పెడతాను.

ఇక చూడటమే పని. పుల్లల మంట తగ్గాక ఉండల అంచులు బూడిద రంగుకు తిరుగుతాయి, తర్వాత సందుల్లోంచి మసకగా ఎరుపు కనిపిస్తుంది. పెద్దావిడ కుర్చీలోంచే అడుగుతారు, "అడుగున ఎర్రబడిందా, పెట్? లేకపోతే ఇంకోటి వెయ్యకు." ఆ ఊళ్లలో అందర్నీ ముద్దుగా 'పెట్' అనే పిలుస్తారు. ఆవిడ చెప్పేది అక్షరాలా నిజం. ఎర్రబడకముందే కుమ్మరిస్తే మంట చచ్చిపోతుంది. నిప్పంతా కప్పేసేలా వేసినా కష్టమే. లోపల చేరిన వాయువులు ఒక్కసారిగా భగ్గుమంటాయి. అందుకే కాస్త నిప్పు పైకి కనబడేలా వదిలి, కొద్దికొద్దిగా వేస్తాను. వేసేముందు పై గాలి తెరిచి, పొయ్యి తలుపు ముందు సందుగా, తర్వాత మెల్లగా పూర్తిగా తీస్తాను.

మన పనిలోనే ఇంకో ముప్పుంది. పొడిబారిన చర్మానికి రాసే ఎమోలియంట్ క్రీములు బట్టల్లోకి, దుప్పట్లలోకి ఇంకుతాయి. వాటికి నిప్పు తగిలితే క్షణాల్లో అంటుకుంటాయి, ఉతికినా ఆ గుణం పూర్తిగా పోదు. 2018లో మందుల నియంత్రణ సంస్థ ఎంహెచ్‌ఆర్‌ఏ దీనిమీద గట్టిగా హెచ్చరించింది. క్రీము రాసినవాళ్ల కుర్చీని పొయ్యికి దూరంగా జరపండి, ఒళ్లో దుప్పటి అంచులు వేలాడకుండా చూడండి. ఇంట్లో ఆక్సిజన్ సిలిండరో యంత్రమో ఉంటే నేను పొయ్యి వెలిగించను, ఆఫీసుకు ఫోన్ చేస్తాను.

రాత్రి నిప్పు నిలవాలని గాలి మొత్తం మూసేయమంటారు చాలామంది. ఎంత బతిమాలినా నేను మూయను. గాలి చాలక, పొగ గొట్టంలోంచి పోక కార్బన్ మోనాక్సైడ్ గదిలోకి వస్తే దానికి వాసన ఉండదు, రంగుండదు. తలనొప్పి, వికారం, తూలడం, అంతే. పెద్ద వయసువాళ్లలో అవి మామూలేననుకుని వదిలేస్తాం. బయటికెళ్తే తగ్గి, ఇంట్లోకొస్తే మళ్లీ మొదలయ్యే తలనొప్పిని అస్సలు తేలిగ్గా తీసుకోకండి. కార్బన్ మోనాక్సైడ్ అలారం మోగితే కిటికీలు, తలుపులు తెరిచి, అందరూ బయటికి వచ్చి అత్యవసర నంబరు 999కి ఫోన్ చేయాలి. చలిగాలి వస్తోందని గోడలోని గాలి రంధ్రంలో పాత పేపర్లు కుక్కి ఉంటే తీసేయండి. పొగగొట్టాన్ని ఏడాదికి కనీసం ఒకసారి మనిషిని పిలిపించి శుభ్రం చేయించాలి. వసంతంలో పక్షులు అందులో గూళ్లు కడతాయి.

అద్దె ఇళ్లలో, 2022 అక్టోబరు నుంచి స్థానిక ప్రభుత్వం అద్దెకిచ్చే కౌన్సిల్ ఇళ్లతో సహా, ఇలాంటి పొయ్యి ఉన్న గదిలో అలారం తప్పనిసరి. పాత పొయ్యి ఉన్న సొంతిల్లయితే ఆ నిబంధన వర్తించదు, పెద్దావిడది సొంతిల్లే. ఫైర్ సర్వీస్‌వాళ్లు ఉచితంగా వచ్చి ఇల్లు చూస్తారు, ఆవిడ సరేనన్నాక నేనే పిలిపించాను.

రాజుకోని పొయ్యిని వదిలి తర్వాతి ఇంటికి పరుగెత్తడం నాకు సమ్మతం కాదు. అందుకే ఏ రోజు ఎంతసేపు పట్టిందో విజిట్ నోట్సులో రాస్తూ వచ్చాను. బూడిద ఎప్పుడు తీశాను, గాలి చక్రం ఎంత తెరిచి వదిలాను, అలారం బటన్ నొక్కి చూశానా అన్నవి కూడా రాశాను. ఊరికే కష్టం చెప్పుకుంటే వినిపించుకోరు, రాతలో ఉంటే మేనేజర్ చదవక తప్పదు. కొత్తగా పనిలో చేరిన పిల్లలకు అడగడానికి భయం, వీసా ఏమవుతుందోనని. ఇంకాస్త సమయం కావాలని నోటితో అడగక్కర్లేదు, రోజూ రాయండి చాలు. కేర్ ప్లాన్ మార్చి పొద్దుటి విజిట్‌ను నలభై ఐదు నిమిషాలు చేశారు. ఇప్పుడు సాయంత్రం వచ్చే అమ్మాయికి కూడా ఆ అదనపు సమయం ఇప్పించాలని రాస్తున్నాను.