తోలు దుకాణం నుంచి రంగస్థలం దాకా

లండన్ మేరిలబోన్ స్టేషన్‌లో రైలెక్కి రెండు గంటల పైచిలుకు ప్రయాణం చేస్తే స్ట్రాట్‌ఫర్డ్ అపాన్ ఏవన్ వస్తుంది. చిన్న ఊరు, నడిచే చూడవచ్చు. కప్పుల మీద, సంచుల మీద, చివరికి మిఠాయి డబ్బాల మీద కూడా షేక్‌స్పియర్ ముఖమే. మహాకవిని ఇలా అమ్ముకోవాలా అని విసుగు పుట్టింది. హెన్లీ వీధిలో ఆయన పుట్టిన ఇల్లు చూశాక ఆ విసుగు పోయింది. అది మొదటినుంచీ వ్యాపారుల ఇల్లే!

తండ్రి జాన్ చేతి తొడుగులు కుట్టి అమ్మేవాడు, ఉన్ని బేరాలూ చేసేవాడు. వీధిలో పెంటకుప్ప వేసినందుకు 1552లో జరిమానా కట్టాడు, 1568 నాటికి ఊరికి మేయర్‌ లాంటి బెయిలిఫ్ పదవిలో కూర్చున్నాడు. ఆనాటి పద్ధతిలో మళ్ళీ అమర్చిన పనిగదిలో తోళ్ళు, కత్తెరలు, వేలాడే తొడుగులు. అక్కడినుంచి నాకు కదలబుద్ధి కాలేదు. ‘ట్వెల్ఫ్త్ నైట్’లో విదూషకుడు ఏమంటాడు? తెలివైనవాడి చేతిలో వాక్యం మేకపిల్ల తోలు తొడుగట, లోపలి వైపును ఇట్టే బయటికి తిప్పేస్తాడట! ‘మెర్రీ వైవ్స్ ఆఫ్ విండ్సర్’లో ఒకామె, ఫలానా మనిషికి తొడుగులవాడి కత్తిలాంటి గుండ్రటి గడ్డం ఉందా అని అడుగుతుంది. విశ్వవిద్యాలయం గడప తొక్కని పల్లెటూరివాడు ఇవన్నీ ఎలా రాస్తాడని అనుమానించేవాళ్ళను ఈ గదిలో ఓ గంట కూర్చోబెట్టాలి.

పెరటి తోటలో రవీంద్రుడి విగ్రహం ఉంది. భారతీయులందరూ ఫొటోలకు అక్కడే ఆగుతున్నారు. నాకు మాత్రం ‘కామెడీ ఆఫ్ ఎర్రర్స్’ను ‘చమత్కార రత్నావళి’గా తెలుగు చేసిన కందుకూరి గుర్తొచ్చారు.

ఊరి పెద్దలు కొలువుతీరే గిల్డ్‌హాల్ భవనం మేడమీది బడిగది కూడా చూడదగ్గది. ఆనాటి విద్యార్థుల పట్టికలు మిగల్లేదు గానీ, బెయిలిఫ్ కొడుకు ఇక్కడే చదివి ఉంటాడని పండితుల నమ్మకం. విలియం అనే కుర్రవాణ్ణి నిలబెట్టి లాటిన్ వ్యాకరణం అప్పజెప్పించే ఘట్టం ‘మెర్రీ వైవ్స్’లోనే ఉంది. శబ్దమంజరి వల్లెవేసినవారికి ఆ పిల్లవాడి అవస్థ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇంగ్లీషుకు ఆయన 1,700 కొత్త మాటలు ఇచ్చాడని తరచూ వింటుంటాం. ఆ లెక్కను కొంత తగ్గించుకోవాలి. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు కూర్చినవారు ఆయన నాటకాలను ప్రత్యేక శ్రద్ధతో జల్లెడ పట్టారు కాబట్టి చాలా మాటల తొలి ప్రయోగం ఆయన పేరిట నమోదైంది. వాటిలో కొన్ని అంతకుముందే ఉన్నాయని తర్వాత తేలింది. ‘మెరిసేదంతా బంగారం కాదు’ అన్న భావం కూడా ఆయనకన్నా పాతదే, ‘మర్చెంట్ ఆఫ్ వెనిస్’ దాన్ని లోకం నోట నిలిపింది. నన్ను ఆకట్టుకునేది ఉన్న మాటలతో ఆయన తీసుకున్న చనువు. ‘రెండవ రిచర్డ్’లో ఒక పినతండ్రి, అన్న కొడుకు మీద కోపంతో ‘అంకుల్’ అనే నామవాచకాన్నే క్రియగా మార్చి కసురుతాడు. వ్యాకరణం ఏమంటుందో అన్న బెంగే లేదు.

1597లో ఆయన కొన్న ఇల్లు, న్యూ ప్లేస్, ఇప్పుడు తోటగా మిగిలింది. 1759లో అప్పటి యజమాని, ఒక మతాచార్యుడు, ఇంటిని నేలమట్టం చేశాడు. సందర్శకుల తాకిడి భరించలేక అంతకుముందే పెరట్లోని మల్బరీ చెట్టును కొట్టించాడు. దాని కలపతో చెక్కిన జ్ఞాపికలు ఏళ్ళ తరబడి అమ్ముడుపోయాయి. ఊరి వ్యాపార బుద్ధి నిన్నా మొన్నటిది కాదు.

హోలీ ట్రినిటీ చర్చిలోనే 1564 ఏప్రిల్ 26న ఆయన బాప్తిస్మం, 1616లో సమాధి. సగం నాటకాలు అప్పటికి అచ్చుకే ఎక్కలేదు. 1623లో తోటి నటులు హెమింజెస్, కాండెల్ పూనుకొని 36 నాటకాల సంపుటం తేకపోతే ‘మాక్బెత్’ మనకు దక్కేదే కాదేమో. సమాధి రాతిమీద నాటకాల ఊసు లేదు. తన ఎముకలు కదిపినవాడికి శాపం పెట్టే నాలుగు పంక్తులున్నాయి, అంతే. కవిత్వంగా అవి సాదాసీదావి, ఆయనే రాశాడనడానికి రుజువూ లేదు. అయినా పని జరిగింది: 2016లో పరిశోధనకు వచ్చినవారు కూడా రాయి కదపకుండా రాడార్‌తోనే లోపలికి చూసి వెళ్ళారు.