అవ్వకి గైడు

హాబిటన్ అంటే న్యూజిలాండ్‌లో లార్డ్ ఆఫ్ ది రింగ్స్ సినిమాల కోసం వేసిన సెట్టు, హాబిట్లనే పొట్టి మనుషుల ఊరు. అక్కడికి సొంత కారులో వెళ్ళినా టికెట్ల ఆఫీసు దాకానే. అక్కడినుంచి వాళ్ళ బస్సే ఎక్కాలి, వాళ్ళ గైడు వెంటే నడవాలి. అదొక కుటుంబం పొలం. చుట్టూ గొర్రెలు మేస్తుంటాయి, ఎవరిష్టమొచ్చినట్టు వాళ్ళు తిరగడానికి లేదు. ఎలాగూ ఒకరి వెనక నడవాల్సిందే కదా అని మేం ఆక్లాండ్‌లోనే టూరు బస్సు ఎక్కేశాం. పొద్దున మాటామాటా దగ్గర హాబిటన్, మధ్యాహ్నం రొటొరువాలో వేడినీటి బుగ్గలు, రాత్రికి ఇల్లు. మా ఆయనకి స్టీరింగు నుంచి ఒక రోజు సెలవు కూడా దొరికింది. కానీ బస్సు ఎంచుకోవడానికి అసలు కారణం మా అత్త.

మా అత్తది శ్రీకాళహస్తి దగ్గర పల్లె. మామ పాడి వదిలి రానంటే ఒక్కరే వచ్చారు. ఇంగ్లీషు రాదు. గైడు రోజంతా ఇంగ్లీషులో చెబుతుంటే పక్కన కూర్చుని ఆమెకి చెప్పే మనిషి కావాలి. ఆ పని నేను చేయదలుచుకోలేదు. పిల్లలిద్దర్నీ అవ్వకి చెరో పక్కన కూర్చోబెట్టి, మేమిద్దరం నాలుగు వరసలు వెనక్కి వెళ్ళి కూర్చున్నాం. వెనక్కి తిరిగి “అమ్మా, దీన్ని తెలుగులో ఏమంటారు?” అని అడగడానికి వీల్లేనంత దూరం.

మా పిల్లల తెలుగు ఇక్కడి చాలా ఇళ్ళల్లో ఉన్నట్టే ఉంటుంది. అన్నీ అర్థమవుతాయి, జవాబు ఇంగ్లీషులో వస్తుంది. ఆదివారం తెలుగు బడికి పంపాం. వేమన పద్యం తడుముకోకుండా చెబుతారు, “అన్నం తిన్నావా?” అంటే “యా” అంటారు. బడిని తప్పుపట్టను, పాపం వాళ్ళు చేయగలిగింది చేస్తున్నారు. పిల్లలకి తెలుగుతో పని లేదు, అదీ సంగతి. నాకు ఇంగ్లీషు వచ్చని వాళ్ళకి తెలుసు. రానట్టు నటించి చూశాను, రెండో రోజుకే దొరికిపోయాను. అవ్వ దగ్గర ఆ నాటకం అక్కర్లేదు. తెలుగులో చెప్పకపోతే ఆమెకి నిజంగానే తెలియదు.

ఆక్లాండ్ దాటగానే బాంబే హిల్స్ వచ్చాయి. డ్రైవరు మైకులో ఆ పేరనగానే మా అత్త లేచి కిటికీలోంచి చూశారు. 1863లో వలసవచ్చినవాళ్ళని తెచ్చిన ఓడ పేరు బాంబే, వాళ్ళు స్థిరపడ్డ చోటికి ఆ పేరే ఉండిపోయింది. మా వాడు చెప్పింది మాత్రం ఇది: “అవ్వా, బాంబే షిప్పులో వచ్చింది.” ఆమె తల ఊపారు. ఏమర్థమైందో!

ఇంకాస్త ముందుకెళితే రోడ్డు పక్కనే వైకాటో నది. న్యూజిలాండ్‌లో ఇదే అన్నిటికన్నా పొడవైనది, 425 కిలోమీటర్లు. అక్కడ మా అమ్మాయికి బళ్ళో రాసుకున్న పెపేహా గుర్తొచ్చింది. పెపేహా అంటే ఇక్కడి మూలవాసులైన మావోరీల పద్ధతిలో తనను తాను పరిచయం చేసుకోవడం. ఇది నా కొండ, ఇది నా నది, మా పెద్దలు వచ్చిన పడవ ఇది, మా వాళ్ళు వీళ్ళు అని అన్నీ చెప్పాక చివర్లో పేరు. పెళ్ళిళ్ళలో ప్రవర విన్నవాళ్ళకి ఇదేం వింతగా ఉండదు. ఇక్కడి బడుల్లో అందరు పిల్లల చేతా చెప్పిస్తారు. మా అమ్మాయి కొండ కింద మౌంట్ రోస్కిల్ అని రాసింది, మా వంటింటి కిటికీలోంచి కనిపిస్తుంది కాబట్టి. నది కింద వైకాటో రాసింది. ఆక్లాండ్ కుళాయిల్లోకి వచ్చే నీళ్ళలో కొంత ఈ నదివే, తాగే నీళ్ళు ఏ నదివైతే అదే మన నది అని దాని లెక్క. పడవ దగ్గర సింగపూర్ ఎయిర్‌లైన్స్ అని రాసింది. టీచరు నవ్వి, ఒప్పుకున్నారు.

ఇదంతా అవ్వకి వివరించడానికి దానికి పావుగంట పట్టింది. ఆమె విని అన్నది ఒకటే మాట: “మరి మన స్వర్ణముఖి?”

“అందులో నీళ్ళుంటాయా అవ్వా?”

“వానలు పడితే ఉంటాయి. లేదంటే ఇసకే.”

“ఇసక ఉంటే రివర్ ఎలా అవుతుంది?”

“ఇసక కింద ఉంటాయి పాపా నీళ్ళు. చెలమ తవ్వితే ఊరతాయి.” చెలమ ఎలా తవ్వుతారో, నీళ్ళు తేటపడేదాకా ఎలా ఆగాలో, కొబ్బరిచిప్పతో ఎలా తోడుతారో బస్సు సీటు మీదే చేతులతో చేసి చూపించారు. నాలుగు వరసల వెనక నుంచి నాకు ఆ చేతులే కనిపించాయి. మిగతాది అమ్మాయి తర్వాత చెప్పింది.

హాబిటన్ సంగతి సినిమా చూసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. 1998లో దర్శకుడు పీటర్ జాక్సన్ బృందం ఆకాశంలోంచి స్థలం వెతుకుతుంటే అలెగ్జాండర్ కుటుంబం పొలం కనిపించింది. మరుసటేడు సైన్యం వచ్చి రోడ్డు వేసింది. లార్డ్ ఆఫ్ ది రింగ్స్‌కి వేసిన సెట్టు పీకేయడానికే వేసింది, థర్మోకోలూ ప్లైవుడ్డూ. హాబిట్ సినిమాల కోసం 2009 నుంచి మళ్ళీ మొదలుపెట్టి, ఈసారి నిలిచిపోయేలా కట్టారు. గుట్ట వాలులో 44 గుండ్రటి తలుపులు. చాలా తలుపుల వెనక ఏమీ లేదు, లోపలి దృశ్యాలన్నీ వెల్లింగ్టన్ స్టూడియోల్లో తీసినవి. 2023 డిసెంబరు నుంచి బ్యాగ్‌షాట్ రో అనే వరస ఇళ్ళలో మాత్రం లోపలికి వెళ్ళి చూడనిస్తున్నారు.

“ఇంత చిన్న ఇండ్లల్లో ఎట్లుంటార్రా?” అన్నారు మా అత్త. మా వాడు రెచ్చిపోయాడు. చిన్న తలుపు పక్కన మాంత్రికుణ్ణి నిలబెడితే పొడుగ్గా కనిపిస్తాడు, పెద్ద తలుపు పక్కన హాబిట్‌ని నిలబెడితే పొట్టిగా కనిపిస్తాడు, అందుకే తలుపులు రకరకాల కొలతల్లో ఉంటాయని చెప్పాలి వాడు. “పొడుగు”, “పొట్టి” తప్ప మిగతా మాటలు దొరకలేదు. అవ్వని లాక్కెళ్ళి ఒక చిన్న తలుపు పక్కన నిలబెట్టాడు, తర్వాత పెద్ద తలుపు పక్కన. ఫోన్‌లో రెండు ఫొటోలూ చూపించాడు. అయిదడుగులైనా లేని మా అత్త ఒకదాంట్లో రాక్షసిలా ఉన్నారు.

కొండ మీది ఓక్ చెట్టు ఉత్తుత్తిదనీ, ఆకులు తైవాన్‌లో చేయించి తెచ్చారనీ అమ్మాయి చెబితే ఆమె నమ్మలేదు. గైడే స్వయంగా అవునని తల ఊపాక, కింద కూరపాదుల దగ్గరికెళ్ళి గుమ్మడికాయని వేలితో నొక్కి చూశారు. అది మాత్రం అసలుదే, అక్కడి తోటంతా నిజం తోటే. “చెట్టు అబద్ధం, కాయ నిజం. సినిమావోళ్ళు!” అన్నారు. దీన్ని గైడుకి ఇంగ్లీషులో చెప్పడం అమ్మాయి వంతయింది. గైడు పగలబడి నవ్వాడు. దాని మొహం చూడాలి అప్పుడు. తన మాటతో ఇద్దరు పెద్దవాళ్ళు నవ్వుకోవడం మా పిల్లకి అదే మొదటిసారనుకుంటాను.

సెట్టులోనే ఉన్న గ్రీన్ డ్రాగన్ అనే పబ్బులో ఇచ్చిన జింజర్ బీర్ తాగుతూ మా అత్త ఇంకో బాంబు వేశారు. ఊళ్ళో ఉండగా కన్నప్ప సినిమా చూశారట, దాంట్లో కొండలూ అడవులూ అచ్చం ఇలాగే ఉన్నాయట. ఉండక ఏం చేస్తాయి, దాన్ని న్యూజిలాండ్‌లోనే తీశారు. ఇక మా వాడి ప్రశ్నలు. కన్నప్ప ఎవరు? మన ఊరివాడా? కళ్ళెందుకు పీక్కున్నాడు? రెండో కన్ను పీకేటప్పుడు గుడ్డిగా ఎలా తెలుసుకుంటాడు ఎక్కడ పెట్టాలో? (కాలితో గురుతు పెట్టుకున్నాడని అవ్వ జవాబు. ఆ జవాబుకి మా వాడు పడిపోయాడు.) కాళహస్తి గుడి పక్క కొండ మీద కన్నప్పకి గుడి ఉంది, మన కొండంటే అదీ అని ఆమె అమ్మాయి వంక చూసి అన్నారు. పెపేహా ఇంకా మరిచిపోలేదన్నమాట.

“మరి మన కొండ అక్కడుంటే సినిమా ఇక్కడెందుకు తీశారు?” అన్నాడు వాడు. దీనికి మాలో ఎవరి దగ్గరా జవాబు లేదు.

రొటొరువాకి గంట ప్రయాణం. ఊరు ఇంకా కనిపించకముందే వాసన తగిలింది, కుళ్ళిన గుడ్ల వాసన, హైడ్రోజన్ సల్ఫైడ్. పిల్లలు ముక్కులు మూసుకున్నారు. ఫాకారెవారెవా అనే మావోరీ పల్లెలో దిగాం. బొమ్మ పల్లె కాదు, మనుషులు కాపురముంటున్నదే. ఇళ్ళ మధ్యే నేల పొగలు కక్కుతుంది, పెరట్లో బురదగుంట కుతకుతలాడుతుంటుంది, ఆవిరి పెట్టెల్లో వంట చేసుకుంటారు. మాకు చూపించినావిడ ఆ పల్లె మనిషే. 1886 జూన్ 10న తరవేరా అగ్నిపర్వతం పేలి ఊళ్ళను పూడ్చేసినప్పుడు, సుమారు 120 మంది పోయారు. గులాబి, తెలుపు రంగు మెట్లుగా ఉండే వేడినీటి కొలనులు, లోకం నలుమూలల నుంచి జనం చూడవచ్చినవి, మాయమయ్యాయి. బతికి బయటపడ్డవాళ్ళలో చాలామంది ఈ పల్లెకి చేరి, ఇక్కడా వచ్చినవాళ్ళకి దారి చూపే పనే చేశారు, ముఖ్యంగా ఆడవాళ్ళు. ఈ పల్లెలో అలా దారి చూపినవాళ్ళలో మాకెరెటి అనే ఆవిడ తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో మానవశాస్త్రం చదివి తన జనం గురించి తానే గ్రంథం రాసింది. అది అచ్చయ్యేసరికి ఆవిడ లేదు.

మా గైడు కన్ను మొదట పడింది మా అత్త కాలి మెట్టెల మీద. వెండి ఇక్కడ నల్లబడుతుంది, జాగ్రత్త అంది. అమ్మాయి చెప్పగానే మా అత్త మెట్టెలు తీయలేదు గానీ చీర కుచ్చిళ్ళు కాస్త కిందికి దించుకున్నారు. ఆ మాత్రం దానికి గంధకం ఆగుతుందా!

పోహుటు గీజరు, అంటే ఉండుండి పైకి చిమ్మే వేడినీటి బుగ్గ, ఎగిసేదాకా ఆగాం. అది 30 మీటర్ల దాకా లేస్తుంది, రోజుకి చాలాసార్లు. ఆగినంతసేపూ మా వాడి పాఠం నడిచింది: “అవ్వా, కింద నీళ్ళు బాగా వేడి. కానీ దాని మీద వేరే నీళ్ళు కూర్చున్నాయి. లేవనివ్వట్లేదు. కొంచెం నీళ్ళు బైటికి పోయాయనుకో, బరువు తగ్గిపోద్ది. అప్పుడు కిందవన్నీ ఒకేసారి ఆవిరైపోయి…” అని రెండు చేతులూ పైకి విసిరాడు. “నీళ్ళు కూర్చున్నాయి” అనడం నాకు భలే నచ్చింది. నేనైతే పీడనం, మరుగుస్థానం అని ఆ తెలుగు బడి పుస్తకంలా మొదలుపెట్టి ఉండేదాన్ని.

అప్పుడు గైడు బోర్ల కథ చెప్పింది. రొటొరువా జనం ఇళ్ళకీ హోటళ్ళకీ వేడి కోసం నేలలోకి బోర్లు దించారు. దించినకొద్దీ అడుగున ఒత్తిడి తగ్గి గీజర్లు నీరసించిపోయాయి, కొన్ని ఆగిపోయాయి. చివరికి 1987-88లో పోహుటుకి కిలోమీటరున్నర లోపల ఉన్న బోర్లన్నీ ప్రభుత్వం మూయించింది. తర్వాత బుగ్గలు మెల్లగా తేరుకున్నాయి.

అమ్మాయి రెండు ముక్కలు చెప్పిందో లేదో మా అత్త అందుకున్నారు. “బోర్లా? పక్క చేనోడు వెయ్యడుగులు దించితే మన బోరు ఎండిపోలేదా, అదే కదా!” అప్పుల పాలు చేసిన బోర్లు మా ఇంట్లో ఉన్నాయి, ఆమెకి ఇంకొకరు వివరించాల్సిన పని లేదు. ఆ రోజంతా వింటూ వచ్చిన మనిషి మొదటిసారి గైడునే నేరుగా అడిగారు, తెలుగులో: “మూయిస్తే జనం గమ్మునుండారా?” అమ్మాయి ఇంగ్లీషులో అడిగింది. గమ్మునేం ఉంటారు, పెద్ద గొడవే అయింది అంది గైడు. మా అత్త తృప్తిగా తలాడించారు. మా ఊళ్ళల్లో ఎవరైనా అలా మూయించగలరా అని మళ్ళీ ప్రశ్న. ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు, మధ్యలో మా పిల్ల ఊపిరి తీసుకోకుండా అటూ ఇటూ చేరవేస్తూ. “భూగర్భజలం” లాంటి మాటలు రాకపోయినా పని ఆగలేదు. “మట్టి కింద నీళ్ళు” అంది, చాలింది.

గైడు ఆగి, అమ్మాయిని చూసి, “మా అమ్మని బళ్ళో మావోరీ మాట్లాడితే కొట్టారు, అందుకని ఆమె మాకు నేర్పలేదు” అంది. 1970ల నాటికి ఆ భాష పిల్లల నోట వినిపించడమే అరుదైపోయింది. 1972లో ముప్పై వేలమందికి పైగా సంతకాలు పెట్టి పార్లమెంటుకి అర్జీ ఇచ్చారు. 1982లో కోహంగా రెయో బడులు మొదలయ్యాయి. పాఠాల జోలికి పోకుండా, భాష వచ్చిన అవ్వల్నీ తాతల్నీ పసిపిల్లలతో ఒకే గదిలో కూర్చోబెట్టి రోజంతా మావోరీలోనే గడపమన్నారు. 1987లో అది అధికార భాషైంది, బోర్లు మూయించిన రోజుల్లోనే. తన కూతురు అలాంటి బడిలో చదివిందనీ, ఇప్పుడు ఇంట్లో తన తప్పులు దిద్దుతుందనీ చెప్పింది. మా అమ్మాయి ఇది అవ్వకి చెప్పేటప్పుడు “కొట్టారు” అన్న దగ్గర ఆగి, ఇది నిజమేనా అన్నట్టు వెనక్కి నా వైపు చూసింది. తల ఊపాను.

టూరు గురించి ఒక మాట. రోజు చాలా పెద్దది, చిన్న పిల్లలున్నవాళ్ళు రొటొరువాలో ఒక రాత్రి ఉండడం మేలు. హాబిటన్‌కి వెచ్చించినంత సమయం ఈ పల్లెకి ఇవ్వరు, నాకైతే అది తిరగేసి ఉండాలి. అవ్వలున్నవాళ్ళు మాత్రం తప్పకుండా బస్సే ఎక్కండి, వెనక సీట్లు మీరు తీసుకోండి.

తిరుగు ప్రయాణంలో చీకటి పడ్డాక మా అత్త మామకి వీడియో కాల్ చేశారు. అక్కడింకా మధ్యాహ్నం, ఆయన గొడ్ల పాక దగ్గర ఉన్నారు. “ఈడ నేలలోంచి నీళ్ళు తాటిచెట్టంత ఎత్తు లేస్తాయి. బోర్లేసినారంట, అందుకే లేస్తాండాయి” అని మొదలుపెట్టారు.

మా వాడు ఫోను లాక్కున్నాడు. “కాదు తాతా, అవ్వ తప్పు చెప్తోంది! బోర్లు మూసేశారు. మూసేస్తేనే లేచింది. నేను చెప్తా విను, ముందు కింద నీళ్ళుంటాయి కదా…”