స్కాపా ఫ్లో డైవింగ్: ఈసారి వేళ్లు మొద్దుబారలేదు

స్కాట్లండ్‌కు ఉత్తరాన, ఆర్క్నీ దీవుల్లో ఉన్న స్కాపా ఫ్లోకి మా డైవింగ్ క్లబ్ వాళ్లతో వెళ్లొచ్చాను. 1919 జూన్ 21న బ్రిటిష్ నిర్బంధంలో ఉన్న జర్మన్ నౌకలను వాటి నావికులే ఇక్కడ ముంచేశారు. మొత్తం 52 మునిగాయి. చాలావాటిని తర్వాత పైకి లేపి పాత ఇనుము కింద అమ్మేశారు. మిగిలిన మూడు బ్యాటిల్‌షిప్‌లు, నాలుగు క్రూయిజర్ల కోసమే డైవర్లు ఇంత దూరం వస్తారు.

ఏప్రిల్ చివర్లో నీళ్లు 8 డిగ్రీలు. డ్రైసూట్ (నీళ్లు లోపలికి రాని డైవింగ్ సూట్), లోపల మందపాటి థర్మల్స్ ఉంటే ఒంటికి చలి పెద్దగా తెలియదు. డైవ్ ఎంతసేపు సాగాలో తేల్చేవి వేళ్లే. అవి మొద్దుబారితే వాల్వు తిప్పలేం, క్లిప్పు తియ్యలేం. అందుకే ఈసారి నీళ్లు దూరే తడి గ్లవ్స్ మానేసి నీళ్లు రాని డ్రై గ్లవ్స్ వేసుకున్నాను, లోపల పల్చటి ఉన్నివి. ఒక చిన్న పని మాత్రం మరవకూడదు. మణికట్టు దగ్గర సూట్ సీల్ కింద సన్నటి రబ్బరు గొట్టం ముక్క దూర్చాలి. సూట్‌లోని గాలి ఆ దారిన గ్లవ్‌లోకి వస్తుంది. లేకపోతే లోతుకు వెళ్లేకొద్దీ గ్లవ్ వేళ్లను బిగదీసి, ఉన్నిలోని వెచ్చదనాన్ని పిండేస్తుంది. గ్లవ్ చిరిగితే నీళ్లు కూడా ఆ దారినే సూట్‌లోకి వస్తాయి, అయినా నాకు ఇదే నయం అనిపించింది.

సిలిండర్ గాలిని నోటికి అందించే రెగ్యులేటర్ మీద 10 డిగ్రీలకు పైన మాత్రమే అన్న గుర్తుంటే ఇక్కడికి తేవద్దు. చలికి లోపల మంచు కట్టి గాలి ఆగకుండా తన్నుకొస్తుంది.

ట్రిప్పులో నాకు బాగా నచ్చింది కోల్న్ క్రూయిజర్. కుడి పక్కకు ఒరిగి సుమారు 35 మీటర్ల లోతులో ఉంది కాబట్టి నైట్రాక్స్ 30తో (30 శాతం ఆక్సిజన్ ఉన్న గాలి) దిగాం. డెక్ గోడలా నిలబడి కనిపిస్తుంది. వెనక వైపు 15 సెంటీమీటర్ల ఫిరంగి దగ్గర టార్చి వేస్తే గొట్టం పొడుగునా పువ్వుల్లా కనిపించే తెల్లటి సముద్ర జీవులు, సీ అనెమొనీలు, వాటి కింద తుప్పుపట్టిన ఇనుము. నూరేళ్లు దాటినా ఫిరంగి ఆకారం చెక్కుచెదరలేదు! పైకి వస్తూ ఎస్‌ఎంబీ (మనం ఎక్కడున్నామో బోటుకు చూపే తేలే బెలూన్) వదిలినప్పుడు దాని స్పూల్ దారం వేళ్లకు స్పష్టంగా తెలిసింది. ఒంట్లో చేరిన నైట్రోజన్ పోయేదాకా మధ్యలో ఆగే డెకో స్టాప్ అంతా టెన్షన్ లేకుండా గడిచింది.

రుషికొండలో డైవింగ్ నేర్చుకున్నప్పుడు నడుముకి ఇంత సీసం కట్టింది లేదు. డ్రైసూట్‌లోని గాలి పైకి తేలుస్తుంది కాబట్టి ఇక్కడ తప్పదు. నీళ్లలోంచి పైకి ఎత్తే లిఫ్ట్ బోటుకి ఉండటం నడుముకి పెద్ద ఊరట.

నా తర్వాతి లక్ష్యం మార్క్‌గ్రాఫ్ బ్యాటిల్‌షిప్. 45 మీటర్ల లోతులో తలకిందులుగా పడి ఉంది. దానికి ముందు ఈ చలికాలం లెస్టర్ దగ్గరి స్టోనీ కోవ్‌లో, డ్రై గ్లవ్స్‌తోనే, జంట సిలిండర్ల వాల్వులు మూసి తెరవడం ప్రాక్టీస్ చెయ్యాలి.